ఫిబ్రవరి ముప్పైన వచ్చే దొంగలు

ఇతరుల తప్పులు పట్టుకోవడమే నా బతుకుతెరువు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌లో ఎక్కడ ఏం తేడా ఉందో వెతికి, మొహం మీద చెప్పి, దానికి జీతం తీసుకుంటాను. పద్దెనిమిదేళ్ళు ఇదే పని చేస్తే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. హోటల్‌కి వెళితే మెనూలో అచ్చుతప్పులు ముందు కనిపిస్తాయి. శుభలేఖ చేతికిస్తే తేదీకీ వారానికీ పొంతన కుదిరిందా లేదా అని క్యాలెండర్ తీస్తాను. మా ఆవిడ నాతో కలిసి పెళ్ళిళ్ళకు రావడం చాలావరకు మానుకుంది.

ఆ జబ్బు ముదిరింది మాత్రం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో. కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి సందులోకి తిరిగితే మాది. నూట ఇరవై ఫ్లాట్లు, రెండు లిఫ్టులు, ఒక సెక్రటరీ గారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన గోదావరి జిల్లా పెద్దమనిషి. నీళ్ళ ట్యాంకర్ రాకపోతే రోడ్డు మీదకు తానే వెళ్ళి నిలబడేవారు. ఎవరింట్లో ఎవరికి బాగోలేకపోయినా ముందు ఆయనే వచ్చి కూర్చునేవారు. ఆయనలో ఒకటే లోపం. ప్రపంచంలో ఏ మూల ఏ ఉపద్రవం రాబోతున్నా అది ముందుగా ఆయన ఫోన్‌కే తెలిసేది. పొద్దున్నే నడక ముగించుకుని, బెంచీ మీద కూర్చుని, మా అందరికీ పంచేవారు. లిఫ్టులో ఫోన్ మాట్లాడితే లిఫ్టు మధ్యలో ఆగి అయస్కాంతమవుతుందని ఒకరోజు. సగం కోసిన నిమ్మకాయ ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి విషమవుతుందని ఇంకోరోజు. చివర్లో ఎప్పుడూ ఒకే వాక్యం ఉండేది. ‘వచ్చింది వచ్చినట్టు పంపుతున్నాను, జాగ్రత్త కోసం మాత్రమే.’

నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఎక్కడ జరిగింది? ఈ ఫోటో అసలు ఎక్కడిది? నాలుగు ప్రశ్నలూ గ్రూపులోనే అడిగేవాణ్ణి. ఫోటోని నెట్‌లో వెతికి, అది ఏడేళ్ళ కిందట ఏదో దేశంలో తీసిందని లింకుతో సహా పెట్టేవాణ్ణి. సెక్రటరీ గారు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, మర్నాడు ఇంకో ఉపద్రవం తెచ్చేవారు. మిగతా వాళ్ళు నాకు ‘చెకింగ్ సార్’ అని పేరు పెట్టారు. అందులో గౌరవం ఎంత, విసుగు ఎంత అని నేను చెక్ చేయలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా ఆఫీసులో సెక్యూరిటీ విభాగం వాళ్ళు నెలకోసారి వాళ్ళే ఒక దొంగ ఈమెయిల్ తయారుచేసి పంపి, అందులోని లింకు ఎవరు నొక్కుతారో చూస్తారు. నొక్కినవాళ్ళు నలభై నిమిషాల పాఠం వినాలి. ‘మీ టీమ్‌కి ఈ శుక్రవారం ఉచిత బిర్యానీ, పేరు నమోదు చేసుకోండి’ అని ఒకటి వచ్చింది. మటనా చికెనా అని కూడా అడిగారు. నేను మటన్ నొక్కాను. ఆ శుక్రవారం క్యాంటీన్ పెరుగన్నం తింటూ ఆ పాఠం విన్న సంగతి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరికీ చెప్పలేదు.

ఒక జనవరి చివర్లో సెక్రటరీ గారే వచ్చి బెల్ కొట్టారు. “ఇలా రోజూ నన్ను గ్రూపులో కడిగేకంటే, ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి, అబద్ధపు మెసేజ్‌లు ఎలా కనిపెట్టాలో మీరే చెప్పొచ్చు కదండీ? సమోసాలు అసోసియేషన్ పెట్టుకుంటుంది” అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో మంచితనం ఉందో తెలియలేదు. నేను మాత్రం పొంగిపోయాను.

పాఠం చెప్పాలంటే నమూనా కావాలి. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రామ్ తప్పులను పట్టుకుంటుందో లేదో చూడాలంటే మేమే కావాలని తప్పుడు సమాచారం తయారుచేసి దాంట్లో వేస్తాం. నేనూ ఒక అబద్ధపు హెచ్చరిక తయారుచేద్దామని శనివారం సాయంత్రం కూర్చున్నాను. దానికొక ఫోటో ఉంటే బాగుంటుందనిపించింది. తలుపు తీసి వరండాలోకి చూశాను.

మా మూడో అంతస్తులో లిఫ్టుకి మా వైపు నాలుగు ఫ్లాట్లు. ప్రతి తలుపు పక్కన గోడ మీద, మోకాలెత్తులో, సుద్దముక్కతో గీసిన గుర్తులు ఉంటాయి. ఒక తలుపు దగ్గర సున్నా. పక్కింటి దగ్గర రెండు నిలువు గీతలు. ఎదురింటి దగ్గర త్రికోణం. మా తలుపు దగ్గర చిన్న డబ్బా బొమ్మ. నాలుగేళ్ళుగా చూస్తున్నాను. పోలియో చుక్కల వాళ్ళో, జనాభా లెక్కల వాళ్ళో గీసి ఉంటారనుకున్నాను. ఎవరినీ అడగలేదు. తప్పులు వెతకడం తప్ప మామూలుగా ఉన్నదాన్ని గురించి అడిగే అలవాటు నాకు లేదు.

నాలుగింటికీ ఫోటోలు తీసి, కింద మనసుపెట్టి రాశాను. ‘తస్మాత్ జాగ్రత్త! నగరంలో కొత్త ముఠా దిగింది. పది మంది సభ్యులు, వారిలో ఏడుగురు మగవాళ్ళు, ఐదుగురు ఆడవాళ్ళు. పగలు వచ్చి ఇళ్ళకు గుర్తులు పెడతారు. సున్నా ఉంటే పగలు ఎవరూ ఉండరని. రెండు గీతలుంటే ముసలివాళ్ళు ఒంటరిగా ఉంటారని. త్రికోణం ఉంటే బంగారం ఉందని. డబ్బా ఉంటే ఇంటాయన అమాయకుడు, ఎవరొచ్చినా తలుపు తీస్తాడని. ఫిబ్రవరి 30న దోపిడీ మొదలవుతుంది. ఒక పోలీసు ఉన్నతాధికారి స్వయంగా చెప్పారు. పది మందికి పంపి ప్రాణాలు కాపాడండి.’ సంప్రదించడానికి పంతొమ్మిది అంకెల ఫోన్ నంబర్ కూడా ఇచ్చాను. చదువుకుని నేనే నవ్వుకున్నాను. ఫిబ్రవరి ముప్పై దగ్గరే ఎవరైనా ఆగిపోతారు కదా అనుకున్నాను.

నమూనాలోనే ‘ఇది నమూనా’ అని రాస్తే పరీక్ష పరీక్ష కాదు. అది మా వృత్తి ధర్మం. అందుకని ముందు హెచ్చరిక గ్రూపులో పెట్టి, ‘పైది నేను రాసిన నమూనా, ఎవరికీ పంపకండి, ఇందులో తప్పులు పట్టుకుని రేపు పదకొండుకి రండి’ అని రెండోది విడిగా టైపు చేయడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని మా ఆవిడ బాత్రూమ్‌లోంచి కేకేసింది. పరిగెత్తి స్టవ్ కట్టేసి, పొంగినవి తుడిచి, వచ్చి రెండోది పంపాను. మధ్యలో పోయింది ఆరు నిమిషాలు.

ఆదివారం పాఠానికి తొమ్మిది మంది వచ్చారు. అందులో నలుగురు సమోసాలు వచ్చేదాకా బయటే నిలబడ్డారు. సెక్రటరీ గారు బంధువుల ఇంట్లో గృహప్రవేశానికి వెళ్ళారు. నేను తెర మీద నా నమూనా వేసి, “ఇందులో మొదటి అనుమానం ఎక్కడ రావాలి?” అని అడుగుతుండగా ఫోన్ మోగింది. బోరబండలో ఉండే మా చిన్నమ్మ. పాఠం మధ్యలో కట్ చేస్తే మళ్ళీ మళ్ళీ చేస్తుందని ఎత్తాను.

“బిడ్డా, జర మీ తలుపు పక్కపొంటి చూడు. గీతలున్నయా? దొంగలు దిగిన్రంట. మా భజన గ్రూపుల వచ్చింది.”

నవ్వొచ్చింది. “చిన్నమ్మా, అది నేను రాసిందే.”

“నువ్వెందుకు రాస్తవ్? పోలీసోళ్ళు చెప్పిన్రు. నువ్వేమన్న పోలీసోనివా?”

“ఫిబ్రవరికి ముప్పై రోజులుంటయా చిన్నమ్మా? చూడు.”

“ముప్పై ఏంది, ఇందుల ఇరవై ఎనిమిది అనే ఉంది. నీకు అన్నిట్ల వంకలే. తలుపుకు గొళ్ళెం పెట్టుకో” అని పెట్టేసింది.

వెంటనే ఆమె పంపిన మెసేజ్ తెరిచి చూశాను. ఎవరో మహానుభావుడు ముప్పైని ఇరవై ఎనిమిది చేశాడు. పది మంది ముఠాని పన్నెండు మంది చేసి లెక్క సరిపెట్టాడు. పంతొమ్మిది అంకెల నంబర్‌ని తీసేశాడు. కింద ఒక ఆడమనిషి కంగారుగా మాట్లాడుతున్న ఆడియో తగిలించాడు, వెనక కుక్క కూడా మొరుగుతోంది. నా ఉద్యోగంలో నేను చూపించిన తప్పుల్ని ఎవరూ ఒక్క పూటలో ఇంత శ్రద్ధగా సరిచేసిన పాపాన పోలేదు.

గ్రూపులో వెనక్కి వెళ్ళి చూస్తే సంగతి అర్థమైంది. ఆ ఆరు నిమిషాల్లో నలుగురు నా హెచ్చరికను బయటికి పంపేసి, ‘మావాళ్ళందరికీ పంపాను’ అని కింద రాశారు. మొదటివారు సెక్రటరీ గారు. ఆయన ‘వచ్చింది వచ్చినట్టు’ అని కూడా కలిపారు. నా నమూనా మాట కింద మాత్రం ఒక్క బొటనవేలు బొమ్మ ఉంది. అది మా ఆవిడది.

సోమవారం పొద్దున అదే హెచ్చరిక ఆడియోతో, కుక్కతో సహా మా గ్రూపులోకే తిరిగొచ్చింది. ఈసారి నా పేరు లేదు, ఇరవై ఎనిమిదో తేదీ ఉంది. నా పాఠానికి వచ్చిన తొమ్మిది మంది కూడా ఇదే అసలు, నాది దీన్ని చూసి చేసిన నకలు అనుకున్నారు. గృహప్రవేశంలో దాన్ని మూడు వైపుల నుంచి విన్న సెక్రటరీ గారు పూర్తిగా నమ్మి వచ్చారు. తన చేత్తో పంపిందే తన దగ్గరికి వచ్చిందని ఆయనకు తట్టలేదు. మూడు వైపుల నుంచి వచ్చింది అబద్ధమెలా అవుతుంది? అందరూ తలుపులు తీసి గోడలు చూసుకున్నారు. అన్ని అంతస్తుల్లోనూ గుర్తులున్నాయి. కేకలు మొదలయ్యాయి.

సీసీ కెమెరా వెతికారు. అయిదో అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళ తలుపు దగ్గర, శనివారం పొద్దున పదింటికి, భుజాన బట్టల మూటతో ఒక ఆమె వంగి గోడ మీద గీస్తోంది. మా ఇస్త్రీ అక్క.

పాలమూరు వైపు నుంచి వచ్చిన మనిషి. బోరబండలో కిరాయికి ఉంటుంది, రోజూ రైల్లో వచ్చి పోతుంది. గేటు లోపల, జనరేటర్ గది పక్కన రేకుల కింద ఆమె బల్ల, బొగ్గుల పెట్టె. ఆరేళ్ళుగా మా నూట ఇరవై ఇళ్ళ బట్టలూ ఆమె చేతి మీదుగానే ఆఫీసులకు వెళుతున్నాయి. అందరం ‘ఇస్త్రీ అక్కా’ అనే పిలుస్తాం. పేరు ఎవరికీ తెలియదని ఆ రోజే బయటపడింది. సెక్రటరీ గారు నోటీసు రాయడానికి పేరు అడిగితే ఒక్కరు చెప్పలేకపోయారు.

నోటీసు పేరు లేకుండానే వచ్చింది. బుధవారం సాయంత్రం మీటింగ్ జరిగేదాకా ఆమెను గేటు లోపలికి రానివ్వకూడదు. ఆ తర్వాత బల్ల తీసేయాలా వద్దా అన్నది మీటింగ్‌లో తేలుస్తారు. సెక్రటరీ గారు చెడ్డవారు కారు. “జాగ్రత్త కోసమేనండి, ఎవరి మీదా అభాండం కాదు” అన్నారు. కానీ ఆ రేకుల కింది చోటు పోతే ఆమెకు పని పోయినట్టే. కొత్తగూడలో ఇంకో చోట బల్ల వేసుకోవడానికి ఎవరిస్తారు?

నేను వెంటనే గ్రూపులో పెట్టాను. ‘ఇది పూర్తిగా అబద్ధపు మెసేజ్.’ నా నాలుగు ప్రశ్నలూ పెట్టాను. సెక్రటరీ గారు జవాబిచ్చారు. “మీరు అన్నీ అబద్ధమే అంటారు కదండీ.” ఇంకెవరో ‘ఒకవేళ నిజమైతే?’ అన్నారు. ఆ ఒకవేళకి నా దగ్గర జవాబు ఉంది. నేనే రాశానని చెప్తే చాలు. ఆ ఒక్క ముక్క టైపు చేసి, మూడుసార్లు చెరిపేశాను. చెకింగ్ సార్ పుకారు పుట్టించాడని ఈ నూట ఇరవై ఇళ్ళూ నవ్వుతాయి. ఎవరైనా పోలీసులకు చెప్తే? ఆఫీసులో తెలిస్తే? బిర్యానీ సంగతి కూడా తవ్వి తీస్తారు. నా పరువు ముందు నాకు ఇంకేమీ కనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం అది తెలివిగా అనిపించింది.

“మీరే రాశారని ఒక్క మాట చెప్తే అయిపోతుంది కదా” అంది మా ఆవిడ.

“టైము చూసి చెప్తా.”

“ఫిబ్రవరి ముప్పైనా?” అని లోపలికి వెళ్ళిపోయింది.

మంగళవారం మా అపార్ట్‌మెంట్ మొత్తం నలిగిన బట్టలతో ఆఫీసుకు బయల్దేరింది. లిఫ్టులో ఒకరి చొక్కా ఒకరం చూడకుండా తలుపు వైపు చూస్తూ దిగాం. మా మూటలన్నీ వాచ్‌మన్ గదిలో చిక్కుకుపోయాయి. ఆ రోజు నాకు విదేశీ క్లయింటుతో వీడియో కాల్ ఉంది. కెమెరా మెడ దాకానే కనిపించేలా లాప్‌టాప్ కింద మూడు పుస్తకాలు పెట్టుకుని మాట్లాడాల్సి వచ్చింది.

గేటు బయట ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆమె కూర్చుని ఉంది. పనిలేకపోయినా వచ్చింది. నన్ను చూసి లేచింది.

“సారూ, మీరు చదువుకున్నోళ్ళు. మీరన్న చెప్పున్రి. నేను దొంగనా?”

“కాదక్కా. అందరికీ తెలుసు కాదని.”

“తెలిస్తే గేటెందుకు ఏసిన్రు?”

అసలు ఆ గుర్తులేమిటని అడిగాను. నాలుగేళ్ళలో మొదటిసారి.

“ఏమున్నది సారూ. నాకు సదువు రాదు. నూట ఇరవై ఇండ్లు, ఎంత యాదికుంటది? సున్నా ఉన్నోళ్ళకు గంజి పెట్టాలె. మూడు మూలలుంటే మడత పెట్టొద్దు, హ్యాంగర్‌కు ఏసి ఇయ్యాలె. మీ పక్కింటి అవ్వకు సరిగ ఇనపడదు, రెండుపార్ల బెల్ కొట్టాలె, అందుకు రెండు గీతలు.”

“మా తలుపు దగ్గర డబ్బా?”

ఆమె కాస్త మొహమాటపడింది. “అది జేబు సారూ. మీ ఇంట్ల బట్టలు జేబులు చూడకుంట ఇస్త్రీ పెట్టొద్దని. ఒకపారి పెన్ను పగిలి నా పెట్టె ఖరాబైంది. ఇంకోపారి చాక్లెట్. మీ ఆఫీసు కార్డు ఎన్నిపార్లు తెచ్చిచ్చిన్నో మేడంను అడుగున్రి.”

పద్దెనిమిదేళ్ళుగా చెకింగ్ నా ఉద్యోగం. నా జేబులు చెక్ చేస్తున్నది ఈమె.

“ఇగ రైల్ల గూడ పరేషానే” అంది. “అందరి ఫోన్లల్ల గిదే ఉంది. సుద్దముక్క ఎవరికన్న కనపడుతదేమో అని కొంగుల ముడేసుకున్న. నిన్న ఒకామె నా కొంగు దిక్కే చూసింది. బోరబండ వచ్చేదాంక పానం చేతుల పట్టుకొని కూసున్న.”

అప్పటిదాకా నాకు ఇది పరువు గొడవ. రైల్లో నలుగురు కలిసి ఆమె కొంగు విప్పి ఉంటే ఏమయ్యేది? ఆ రాతలో ఒక్కో అక్షరం నాది. ఆమె ముందు అప్పుడే చెప్పేయాల్సింది. “రేపు మీటింగ్‌కి రా అక్కా, నేను మాట్లాడతా” అని మాత్రమే అని, నలిగిన చొక్కాతో ఆఫీసుకు వెళ్ళాను.

బుధవారం ఆరింటికి క్లబ్ గది నిండిపోయింది. నా పాఠానికి తొమ్మిది మంది వచ్చిన గదిలో ఆ రోజు నిలబడ్డానికి చోటు లేదు. ఇస్త్రీ అక్క గుమ్మం పక్కన నిలబడింది. సెక్రటరీ గారు మొదలుపెట్టకముందే నేను లేచాను. ఆలస్యం చేస్తే మళ్ళీ చెరిపేస్తానని నాకు తెలుసు.

“ఆ హెచ్చరిక రాసింది నేనే. ముఠా లేదు, పోలీసు లేడు. అన్నీ కల్పించాను. గుర్తులు ఇస్త్రీ అక్కవి, అర్థాలు నావి. తప్పు నాది, క్షమించండి.”

నేను తిట్లకు సిద్ధపడ్డాను. సెక్రటరీ గారు లేచి నా భుజం తట్టారు.

“మీది గొప్ప మనసండీ. ఆమెను కాపాడడానికి నేరం మీ నెత్తిన వేసుకుంటున్నారు.”

“కాదండీ, నిజంగా నేనే రాశాను.”

“ఎక్కడో వెనకాల కుక్క మొరుగుతుందండీ అందులో. మీకు కుక్కే లేదు కదా?”

వెనక వరసలో ఎవరో అన్నారు. “అంత బాగా సార్ రాయలేరు. సార్ రాస్తే లింకులుంటాయి.” జనం ఒప్పుకున్నట్టు తలలూపారు.

నేను రాసిన అబద్ధాన్ని ఒక్క పూటలో నమ్మినవాళ్ళు నేను చెప్పిన నిజాన్ని నమ్మడం లేదు. నాకు ఒళ్ళు మండింది. “ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ, ఫోటో ఎక్కడిది? ఈ నాలుగు ప్రశ్నలు నన్ను అడగండి!” అని అరిచాను. ఎవరూ అడగకపోయేసరికి నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఎవరు? నేను. ఎప్పుడు? శనివారం ఆరింటికి, గ్రూపులో పైకి వెళ్ళి చూడండి, ఫిబ్రవరి ముప్పై అని ఉంటుంది. ఆరు నిమిషాల తర్వాత నమూనా అని కూడా ఉంటుంది. నూటికి పైగా వేళ్ళు ఫోన్ల మీద పైకి పైకి తోశాయి. ఎక్కడ? మూడో అంతస్తు. ఫోటో ఎక్కడిది? డబ్బా గుర్తు పక్కన చెప్పుల స్టాండ్‌లో ఒక ఎడమకాలి చెప్పు ఉంది, పట్టీ తెగింది. వచ్చి చూసుకోండి, నాలుగు నెలలుగా అక్కడే ఉంది.

“అయిదు నెలలు” అంది మా ఆవిడ.

అందరూ ఫోటో పెద్దది చేసి చూశారు. చెప్పు ఉంది. సెక్రటరీ గారు తన ఫోన్‌ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. “మొదట బయటికి పంపింది నేనేనన్నమాట” అన్నారు మెల్లగా.

అయినా ఎవరికో ‘ఒకవేళ’ తీరలేదు. మరి గుర్తులకు ఆమె చెప్పే అర్థాలు నిజమని నమ్మకమేమిటి? మా పక్కింటి అవ్వ ముందు వరసలో ఉన్నారు. ఎవరో చెవి దగ్గర గట్టిగా సంగతి చెప్పారు. “రెండు గీతలు నాకోసమే. అది రెండుసార్లు కొడుతుంది, మీరంతా ఒకసారి కొట్టి వెళ్ళిపోతారు” అన్నారావిడ.

అప్పుడు సెక్రటరీ గారే అడిగారు. “మా తలుపు దగ్గర వంకర గీత ఒకటుంది కదమ్మా, పాములా. దానర్థం ఏమిటి?”

ఇస్త్రీ అక్క తల దించుకుంది. “ఏం లేదు సారూ.”

“చెప్పమ్మా, ఫరవాలేదు.”

“మీరు ప్రతి చొక్కా కాలర్ సరిగ లేదని ఒకపారి వాపస్ పంపుతరు. అందుకే మీ చొక్కా ముందే రెండుపార్లు రుద్దుత.”

గదంతా గొల్లున నవ్వింది. సెక్రటరీ గారి భార్య అందరికంటే గట్టిగా నవ్వారు. “నూటికి నూరుపాళ్ళు నిజం, ఇంకేం చెక్ చేయనక్కర్లేదు” అన్నారు. ఆ దెబ్బతో అనుమానాలన్నీ తీరిపోయాయి. సెక్రటరీ గారు రెండు చేతులూ జోడించి, ఈసారి బొమ్మతో కాదు, తనను క్షమించమని ఆమెను అడిగారు. బల్ల తీయకూడదని తీర్మానం రాసుకున్నారు. అందులో ఆమె పేరు అడిగి మరీ రాశారు.

ఇంజినీర్లు ఉన్నచోట కథ అక్కడితో ఆగదు. సుద్ద గీతలు పాత పద్ధతి అని ఒకరు, ప్రతి తలుపుకీ క్యూఆర్ కోడ్ అంటిద్దామని ఒకరు, రెండు వారాల్లో యాప్ రాసిస్తానని ఇంకొకరు వాదించుకున్నారు. గంజి గుర్తుకి ఏ రంగు ఉండాలన్న దగ్గర ఇద్దరికి మాటామాటా పెరిగింది. ఆ గొడవలో ఆమె వాచ్‌మన్ గది తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది. ఏడున్నరకి రేకుల కింద బొగ్గులు రాజుకున్నాయి. యాప్ ఇప్పటికీ రాలేదు.

వెళ్ళేటప్పుడు నా పక్కనుంచే వెళ్ళింది. తిడుతుందేమో అనుకున్నాను. ఒక్క చూపు చూసి పోయింది. ఆ వారం మా మూట అన్నిటికన్నా చివర వచ్చింది. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

నేను సవరణ రాసి అందరికీ పంపాను. ఆ హెచ్చరిక నేనే రాశానని, ముఠా లేదని, గుర్తుల అసలు అర్థాలివని. మా చిన్నమ్మకి ఫోన్ చేసి భజన గ్రూపులో పెట్టమని బతిమాలాను. “పెట్టిన బిడ్డా, ఒక్కలు సూడలే. అందుల భయం లేదు, ఎవలు సూస్తరు?” అంది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది వచ్చింది, పోయింది. ఎవరింట్లోనూ ఏమీ పోలేదు. హెచ్చరిక వల్లే దొంగలు జంకారని మళ్ళీ ఒక మెసేజ్ వచ్చింది.

మొన్న ఆఫీసులో, కొత్తగా చేరిన అమ్మాయి నా కుర్చీ దగ్గరికి వచ్చి ఫోన్ చూపించింది. “సార్, మీరు కొండాపూర్ వైపే కదా ఉండేది? జాగ్రత్తగా ఉండండి.” అందులో ఇప్పుడు తేదీ మారింది, ముఠా పాతిక మంది అయింది, కొండాపూర్ అని పేరు కూడా చేరింది. ఫోటో మాత్రం అదే. పట్టీ తెగిన నా ఎడమకాలి చెప్పు. ఆ పిల్లకి అంతా మొదటినుంచీ చెప్పాను. మర్యాదగా విని, “అయినా జాగ్రత్త సార్” అని వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి తలుపు దగ్గర ఆగాను. డబ్బా బొమ్మ పక్కన ఇంకో గుర్తు ఉంది, ఒక చుక్క. కొత్తది కాదు, సుద్ద పాతబడింది. ఎన్నాళ్ళుగా ఉందో నేను చూడలేదు. ఈసారి మాత్రం ఊహించకుండా కిందికి దిగి రేకుల దగ్గరికి వెళ్ళాను.

“అక్కా, మా తలుపు దగ్గర చుక్క పెట్టావు. దేనికి?”

ఆమె పెట్టె ఆపలేదు. నా చొక్కానే రుద్దుతోంది. పక్కన బల్ల మీద నా ఆఫీసు కార్డు ఉంది.

“ఆ మీటింగ్ అయిన తెల్లారే పెట్టిన సారూ. జేబు ఒక్కటే గాదు, ఈ ఇంట్ల మాట గూడ ఒకపారి సూసుకొని తీస్కోవాలె అని.”

కార్డు తీసి నా చేతిలో పెట్టింది. నేను తీసుకుని, జేబులో వేసుకోబోయి, మెడలో వేసుకున్నాను. చుక్కని తుడవమని అడగలేదు.